యుద్ధ విమానానికి కొత్త రంగులా, కొత్త విమానమే కట్టాలా? ఏ సిమ్యులేటర్‌లో మొదలుపెట్టాలి

"మిగ్-21కి మన వాయుసేన రంగులు వేద్దామనుకుంటున్నాను, ఏ సిమ్యులేటర్ మంచిది?" అని విమానం నడిపే కంప్యూటర్ ఆటల (సిమ్యులేటర్ల) గురించి అడిగితే వచ్చే జవాబులు ఎక్కువగా గ్రాఫిక్స్ చుట్టూనే తిరుగుతాయి. నడిపేవాళ్లకు అది సరిపోతుంది. తయారుచేసేవాళ్లకు మాత్రం గ్రాఫిక్స్ ఆఖరి లెక్క. ఆ సిమ్యులేటర్ తన ఫైళ్లను మీ ముందు ఎంతవరకు విప్పి పెడుతుందన్నదే మొదట చూడాలి. ఎంత అందంగా కనిపించినా, టెక్స్చర్ (మోడల్ మీద పరిచే రంగుల బొమ్మ) ఎక్కడుందో, దాన్ని ఏ పేరుతో పిలుస్తున్నారో తెలియకపోతే అక్కడ బ్రష్ పెట్టే చోటే దొరకదు.

## ముందు తేల్చుకోవాల్సినవి

పని ఏమిటన్నది మొదటి ప్రశ్న. ఉన్న విమానానికి రంగులు మార్చడం (రిపెయింట్) వేరు, మొత్తం విమానాన్ని కట్టడం వేరు. పెయింట్ కిట్ (ప్యానెల్ గీతలు ముందే గీసి తయారీదారు ఇచ్చే ఫైల్) ఉంటే రిపెయింట్ కొన్ని సాయంత్రాల పని, లేకపోతే వారాలు పడుతుంది. విమానం మొత్తం కట్టాలంటే 3డీ మోడల్, కాక్‌పిట్, యానిమేషన్లు, ఎగిరే తీరు, సిస్టమ్స్, శబ్దాలు అన్నీ చేసుకోవాలి. ఒక్కరే కూర్చుంటే ఏడాది దాటడం మామూలే.

రెండోది ఆయుధాలు. ఇంధన ట్యాంకులు, క్షిపణులు రెక్కల కింద కనిపిస్తే చాలా, లేక పేలాలా? ఈ ఒక్క ప్రశ్నకే సగం సిమ్యులేటర్లు పక్కకు తప్పుకుంటాయి.

మూడోది ఖర్చు. 3డీ మోడల్‌కు బ్లెండర్, బొమ్మలకు గింప్ ఉచితం. త్రీడీఎస్ మ్యాక్స్ చందా హాబీగా చేసేవాళ్లకు బరువే. పాత లాప్‌టాప్ ఉన్నవాళ్లు, 4096 పిక్సెళ్ల టెక్స్చర్లతో నిండిన కొత్త సిమ్యులేటర్ పెట్టుకుంటే ప్రతి చిన్న మార్పునూ తెరమీద చూసుకోవడానికి నిమిషాల కొద్దీ లోడింగ్ భరించాలి. రోజుకు ఇరవై సార్లు సరిచూసుకునే పనిలో ఇది చిన్న విషయం కాదు.

| సిమ్యులేటర్ | రిపెయింట్ | సొంత విమానం | ఆయుధాలు | మోడలింగ్ |
|---|---|---|---|---|
| ఎక్స్-ప్లేన్ 12 | చాలా సులువు | ఒక్కరే చేయగలరు | నామమాత్రం | బ్లెండర్, ప్లేన్ మేకర్ |
| డీసీఎస్ వరల్డ్ | సులువు | చాలా కష్టం | పూర్తిగా | త్రీడీఎస్ మ్యాక్స్, బ్లెండర్ ప్లగిన్లు |
| ఎంఎస్ఎఫ్ఎస్ (మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్) 2020, 2024 | ఓపిక కావాలి | కష్టం | లేవు | బ్లెండర్, త్రీడీఎస్ మ్యాక్స్ |
| ఎఫ్ఎస్ఎక్స్ (మైక్రోసాఫ్ట్ పాత సిమ్యులేటర్), ప్రిపేర్3డీ | సులువు, పాత పద్ధతి | మధ్యస్థం | అదనపు ప్యాక్‌తో | త్రీడీఎస్ మ్యాక్స్, జీమ్యాక్స్ |
| ఫ్లైట్‌గేర్ | సులువు | ఒక్కరే చేయగలరు | కొన్ని విమానాల్లో | బ్లెండర్ |

## ఆకారం సరిపోతుందా?

సిమ్యులేటర్ కంటే ముందు చూడాల్సింది కింద ఉన్న మోడల్. రంగు ఎంత బాగా కుదిరినా ఆకారం వేరైతే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. డీసీఎస్‌లో దొరికేది మిగ్-21బిస్. మన బైసన్ దాని మీద ఆధునికీకరించిందే అయినా ముందు విండ్‌స్క్రీన్ ఒకే ముక్కగా వంపు తిరిగి ఉంటుంది, బిస్‌లో ఫ్రేములు కనిపిస్తాయి. కాబట్టి సీయూతో మొదలయ్యే బైసన్ నంబరు కాకుండా, సీతో మొదలయ్యే బిస్ నంబరు వేసుకుంటే బొమ్మ నిజాయతీగా ఉంటుంది. సూర్యకిరణ్ జట్టు సంగతీ అంతే. ఆ జట్టు ఇప్పుడు నడిపేది హాక్ ఎంకే 132. బ్రిటిష్ హాక్ టీ1 మోడల్ మీద ఆ ఎరుపు తెలుపు రంగులు వేస్తే ముక్కు ఆకారంలోనే తేడా దొరికిపోతుంది. ఇది సర్దుకుపోగలిగిన లోపమే. కాకపోతే వివరణలో "ఆకారం టీ1ది" అని ఒక వాక్యం రాసిపెట్టాలి.

## ఎక్స్-ప్లేన్ 12: మొదటి రిపెయింట్‌కు ఇంతకంటే సులువైన చోటు లేదు

విమానం ఫోల్డర్‌లో లివరీస్ అనే ఫోల్డర్ ఉంటుంది (లివరీ అంటే విమానానికి వేసే రంగుల సెట్). అందులో మీ పేరుతో ఒక ఫోల్డర్ తెరిచి, దాని లోపల ఆబ్జెక్ట్స్ ఫోల్డర్ పెట్టి, అసలు టెక్స్చర్ పేరుతోనే మీ ఫైల్‌ను అక్కడ పడేస్తే చాలు. కాన్ఫిగ్ ఫైల్ రాయక్కర్లేదు. ఫోల్డర్ పేరే మెనూలో లివరీ పేరుగా కనిపిస్తుంది. ఏ టెక్స్చర్ ఏ భాగానిదో తెలియకపోతే ఆకారాన్ని దాచే ఓబీజే ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అది మామూలు అక్షరాల ఫైలే, పైవరుసల్లోనే టెక్స్చర్ పేరు ఉంటుంది.

ఇక్కడ తప్పేది రెండు చోట్ల. ఒకే పేరుతో పీఎన్‌జీ, డీడీఎస్ అనే రెండు రకాల బొమ్మ ఫైళ్లూ ఉంటే సిమ్యులేటర్ డీడీఎస్‌నే ఎత్తుకుంటుంది. మీరు పీఎన్‌జీలో ఎన్ని మార్పులు చేసినా తెరమీద పాతవే కనిపించి బుర్ర వేడెక్కుతుంది. రెండోది ఫోల్డర్ల అమరిక: అసలు విమానంలో టెక్స్చర్ ఎన్ని ఫోల్డర్ల లోపల ఉందో లివరీలోనూ అంతే లోతులో ఉండాలి. లినక్స్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా లెక్కే.

సొంత విమానం కట్టేవాళ్లకు ప్లేన్ మేకర్ సిమ్యులేటర్‌తోపాటే వస్తుంది. రెక్క కొలతలు, ఏరోఫాయిల్ (రెక్క అడ్డుకోత ఆకారం), ఇంజన్ థ్రస్ట్, బరువు ఇస్తే బ్లేడ్ ఎలిమెంట్ పద్ధతిలో (రెక్కను చిన్న ముక్కలుగా విడగొట్టి) బలాలను అదే లెక్కగడుతుంది. తక్కువ వేగంలో ఫలితం బాగుంటుంది. ధ్వని వేగం దాటాక, ఎక్కువ కోణంలో ముక్కెత్తినప్పుడు మాత్రం నిజమైన ఫైటర్ పోకడ రావాలంటే చాలా సర్దుబాట్లు చేయాలి. ఫ్లై-బై-వైర్ (కంప్యూటర్ ద్వారా నియంత్రణ) ఉన్న విమానానికైతే లువా స్క్రిప్టో, సీ ప్లగినో తప్పదు.

## డీసీఎస్ వరల్డ్: ఫైటర్ అంటే ఇదే, కానీ రంగుల వరకే

యుద్ధ విమానాల మీదే ప్రాణం పెట్టుకున్నవాళ్లకు వేరే మాట అక్కర్లేదు. రిపెయింట్‌కు దారి కూడా తేటగా ఉంది. సేవ్డ్ గేమ్స్‌లోని డీసీఎస్ ఫోల్డర్‌లో లివరీస్, దాని కింద విమానం పేరు, దాని కింద మీ లివరీ ఫోల్డర్. అందులో డీడీఎస్ టెక్స్చర్లు, డిస్క్రిప్షన్ డాట్ లువా అనే ఒక ఫైల్. అసలు ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లో పెట్టకండి. రిపేర్ నడిపితే అక్కడ మీరు పెట్టినవి ఎగిరిపోవచ్చు.

లువా ఫైల్‌లో ఒక్కో వరుసలో నాలుగు విషయాలుంటాయి: మెటీరియల్ పేరు, అది రంగా, నార్మల్ మ్యాపా (గుంటలు, ఉబ్బుల భ్రమ ఇచ్చే బొమ్మ), రఫ్‌మెటా (గరుకు, లోహపు మెరుపు చెప్పే బొమ్మ) అన్న గుర్తు, టెక్స్చర్ పేరు, చివర ట్రూ లేదా ఫాల్స్. ఈ చివరి మాట దగ్గరే కొత్తవాళ్లు చిక్కుకుంటారు. ఫాల్స్ అంటే "ఈ లివరీ ఫోల్డర్‌లో వెతుకు", ట్రూ అంటే "గేమ్ సొంత టెక్స్చర్ వాడు". మీ ఫైల్ పక్కనే ఉన్నా ట్రూ అని ఉంటే అది చూడదు. దేశాల వరుసలో ఇండియా కోడ్ ఒక్కటే రాస్తే, మిషన్‌లో విమానం ఇండియాది అయినప్పుడే లివరీ జాబితాలో కనిపిస్తుంది. "ఇన్‌స్టాల్ చేశాను, కనబడటం లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావరకు కథ ఇదే. పరీక్షించేటప్పుడు ఆ వరుసను తీసేసి, విడుదల ముందు తిరిగి పెట్టండి.

ఇంకొకటి: చాలా మాడ్యూళ్లలో (డీసీఎస్‌లో విడిగా దొరికే విమానాల్లో) తోక నంబర్లను సిమ్యులేటరే పైన అతికిస్తుంది. మీరు టెక్స్చర్ మీద కూడా నంబరు గీస్తే రెండూ ఒకదానిమీద ఒకటి పడతాయి. గేమ్ నంబరును దాచే కస్టమ్ ఆర్గ్స్ వరుస ఆ మాడ్యూల్‌తో వచ్చిన లివరీల్లో దొరుకుతుంది, దాన్ని చూసి రాసుకోవచ్చు.

సొంత విమానం కట్టడం మాత్రం వేరే లోకం. బయటి ఫ్లైట్ మోడల్‌ను సీ++లో రాయాలి, రాడార్, ఆయుధ వ్యవస్థల లోపలి దారులు లైసెన్స్ ఉన్నవాళ్లకే పూర్తిగా తెరుచుకుంటాయి. ఏ-4ఈ స్కైహాక్ అనే ఉచిత మాడ్ (అభిమానులు కట్టిన అదనపు విమానం) ఆ పరిమితుల్లోనే అంత బాగా వచ్చింది. కానీ దాని వెనక ఉన్నది ఒక జట్టు, ఏళ్ల శ్రమ. పైగా మాడ్ విమానం ఉన్న మిషన్‌లో చేరాలంటే మిగతా ఆటగాళ్ల దగ్గరా ఆ మాడ్ ఉండాలి.

## ఎంఎస్ఎఫ్ఎస్: చూసేవాళ్లు ఎక్కువ, పొట్లం కట్టడమే తలనొప్పి

ఇక్కడ రంగులు వేయడం కంటే ప్యాకేజీ కట్టడమే కష్టం. 2020లో లివరీ అంటే కమ్యూనిటీ ఫోల్డర్‌లో ఒక పూర్తి ప్యాకేజీ: మానిఫెస్ట్, లేఅవుట్ అనే రెండు జేసన్ ఫైళ్లు, ఎయిర్‌క్రాఫ్ట్ డాట్ సీఎఫ్‌జీ, టెక్స్చర్ ఫోల్డర్, అందులో ఇంకో సీఎఫ్‌జీ. ఎక్కడ ఏది తప్పితే ఏమవుతుందో ముందే తెలిస్తే సగం పని తగ్గుతుంది:

- లివరీ జాబితాలోకే రాలేదు: ఎయిర్‌క్రాఫ్ట్ ఫైల్‌లో బేస్ కంటైనర్ దారి (అసలు విమానం ఎక్కడుందో చెప్పేది) తప్పింది, లేదా లేఅవుట్ జేసన్‌లో ఆ ఫైల్ నమోదు కాలేదు. లేఅవుట్‌లో ప్రతి ఫైల్ పేరూ సైజూ ఉంటాయి. టెక్స్చర్ మార్చిన ప్రతిసారీ లేఅవుట్ జనరేటర్ సాధనంతో కొత్తగా రాయించాలి.
- కాక్‌పిట్, అద్దాలు గులాబీ గళ్లుగా మారాయి: టెక్స్చర్ సీఎఫ్‌జీలో ఫాల్‌బ్యాక్ దారులు లేవు. మీరు మార్చని టెక్స్చర్లను ఎక్కడ వెతకాలో దానికి చెప్పలేదన్నమాట.
- ఫైటర్ మీద పౌర విమానాల రిజిస్ట్రేషన్ పడింది: ప్యానెల్ సీఎఫ్‌జీలోని రిజిస్ట్రేషన్ వరుస తీసేయాలి.

2024లో లివరీల అమరిక మారింది, టెక్స్చర్లు కేటీఎక్స్2 రూపంలోకి వెళ్లాయి. 2020 ప్యాకేజీని కాపీ చేసి పేరు మార్చితే సరిపోతుందని ఆశపడొద్దు. ఎక్స్‌బాక్స్‌లో కమ్యూనిటీ ఫోల్డరే లేదు కాబట్టి అక్కడివాళ్లకు మీ ఉచిత రిపెయింట్ చేరదు. ఆయుధాలు పేల్చే వీలు లేదు. సూపర్ హార్నెట్ గేమ్‌తోనే వచ్చినా, అది ఎగరడానికి, చూడడానికే.

ఇన్ని చిక్కులున్నా దీన్ని ఎంచుకోవడానికి బలమైన కారణం ఒకటుంది: వెలుతురు. ఉదయపు ఎండలో బూడిద రంగు మీద నూనె మరకల మెరుపు ఇక్కడ తేలినంత బాగా పాత సిమ్యులేటర్లలో తేలదు. స్క్రీన్‌షాట్ల కోసమే చేసేవాళ్లకు ఇదే చోటు.

## ఎఫ్ఎస్ఎక్స్, ప్రిపేర్3డీ, ఫ్లైట్‌గేర్

2006లో వచ్చిన ఎఫ్ఎస్ఎక్స్‌లో కొత్తగా మొదలుపెట్టమని ఇప్పుడు ఎవరికీ చెప్పలేం. ఇప్పటికే అక్కడ ఫైటర్ల దండు ఉన్నవాళ్లకు మాత్రం పని ఇంకా తేలికే. డీడీఎస్‌ను తలకిందులుగా తిప్పి సేవ్ చేయాలి. మరచిపోతే తోక రంగు పొట్టమీదికి వస్తుంది. ఎయిర్‌క్రాఫ్ట్ సీఎఫ్‌జీలో ఎఫ్ఎల్‌టీసిమ్ వరుసలు (ఒక్కో లివరీకి ఒకటి) 0, 1, 2 అని ఆగకుండా సాగాలి. మధ్యలో ఒక అంకె తప్పితే దాని తరవాతివేవీ కనిపించవు. టెక్స్చర్ మ్యాక్స్ లోడ్ విలువ 1024 దగ్గరే ఉంటే మీ 4096 పనితనం మసకగా మారిపోతుంది. పైగా 32 బిట్ల ప్రోగ్రాం కాబట్టి పెద్ద టెక్స్చర్లు పోగైతే మెమరీ నిండి మూతపడుతుంది. ప్రిపేర్3డీ 2017లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి 64 బిట్లు, 4.4 నుంచి పీబీఆర్ మెటీరియల్స్ (వెలుతురుకు నిజంలా స్పందించేవి) ఉన్నాయి.

ఫ్లైట్‌గేర్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు. నేర్చుకోవడానికి ఇంత తెరిచిన పుస్తకం ఇంకోటి లేదు. ఎఫ్-16, ఎఫ్-14బీ లాంటి విమానాల ప్రతి ఫైల్‌నూ తెరిచి చదవచ్చు, మార్చవచ్చు. లివరీ అంటే ఒక పీఎన్‌జీ, దాని దారి చెప్పే చిన్న ఎక్స్ఎంఎల్ ఫైల్. ఎగిరే తీరుకు దాన్ని లెక్కగట్టే జేఎస్‌బీసిమ్‌లో పట్టికలు రాసుకోవచ్చు. ఎఫ్-16 మీద నాసా 1979లో ప్రచురించిన విండ్ టన్నెల్ పట్టికల్లాంటివి అక్కడ సూటిగా పనికొస్తాయి. ఏరోడైనమిక్స్ చదివే ఇంజనీరింగ్ విద్యార్థి డబ్బు పెట్టకుండా అసలు పని నేర్చుకోవాలంటే ఇదే దారి. కంటికి మాత్రం మిగతావాటితో పోటీ పడలేదు.

## ఎక్కడైనా తప్పనిది: రంగు, మెరుపు, పిక్సెల్ లెక్క

చాలా రిపెయింట్లు తేలిపోయేది ఇక్కడే. అందుకే కాస్త ఆగి చూద్దాం.

అమెరికన్ విమానాల రంగులకు ఫెడరల్ స్టాండర్డ్ 595 నంబర్లున్నాయి. ఎఫ్-16కు 36118, 36270, 36375. హార్నెట్‌కు 36320, 36375. ఐదంకెల్లో మొదటిది మెరుపు చెబుతుంది: 1 అంటే నిగనిగ, 2 సగం నిగ్గు, 3 మెరుపు లేనిది. అంటే రంగు నంబరే రఫ్‌నెస్ మ్యాప్‌కు (గరుకుతనం చెప్పే బొమ్మకు) తొలి సూచన. 3తో మొదలయ్యే రంగుకు 8 బిట్ల స్కేల్‌లో 150 నుంచి 180 మధ్య మొదలుపెట్టి, సిబ్బంది నడిచే చోట, చేతులు తగిలే ప్యానెళ్ల దగ్గర కొంచెం తగ్గించండి.

పెయింట్ వేసిన చోట మెటల్ విలువ సున్నా. కింద అల్యూమినియం ఉందని మొత్తం విమానానికి మెటల్ ఇచ్చేస్తే స్టీలు గిన్నెలా తళతళలాడుతుంది. రంగు గీసుకుపోయిన చోట, ఇంజన్ నాజిల్ దగ్గర మాత్రమే మెటల్ మ్యాప్‌లో తెలుపు వేయాలి. తొలి రోజుల మన మిగ్-21లు వట్టి లోహపు మెరుపుతోనే ఎగిరాయి. అవి చేసేటప్పుడు లెక్క తిరగబడుతుంది: మెటల్ పూర్తిగా, రంగు 245 దగ్గర. లోహం కాని రంగులను మాత్రం 30కి, 240కి మధ్యే ఉంచండి.

ఈ మెరుపు సమాచారం బొమ్మలోని ఏ ఛానెల్‌లో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆల్ఫా పొరల్లో) కూర్చుంటుందన్నది సిమ్యులేటర్‌ను బట్టి మారుతుంది. డీసీఎస్, ఎంఎస్ఎఫ్ఎస్ రెండింటిలోనూ ఎరుపులో నీడలు, ఆకుపచ్చలో రఫ్‌నెస్, నీలంలో మెటల్. కాబట్టి ఒకదానికి చేసింది రెండోదానికి దాదాపు అలాగే వెళ్తుంది. ఎక్స్-ప్లేన్‌లో మెటల్ నార్మల్ మ్యాప్ నీలంలో, మెరుపు ఆల్ఫాలో ఉంటాయి. అది రఫ్‌నెస్ కాదు, దానికి తిరగేసిన నునుపు. అక్కడ ఇన్వర్ట్ చేయకపోతే మ్యాట్ ఫైటర్ తడిసినట్టు కనిపిస్తుంది. బ్లెండర్‌లో బేక్ చేసిన (మోడల్ నుంచి బొమ్మగా తీసిన) నార్మల్ మ్యాప్ ఎంఎస్ఎఫ్ఎస్‌కు వెళ్లేటప్పుడు ఆకుపచ్చ ఛానెల్ కూడా తిరగేయాలి, లేకపోతే లోతుగా ఉండాల్సిన ప్యానెల్ గీతలు ఉబ్బి కనిపిస్తాయి.

కంప్రెషన్‌లో పొదుపు చేయకండి, ముఖ్యంగా బూడిద విమానాలకు. డీఎక్స్‌టీ1 అనే కంప్రెషన్ రకం రంగును ఎరుపుకు 5, ఆకుపచ్చకు 6, నీలానికి 5 బిట్లలో దాస్తుంది. ఈ అసమానత వల్ల మెల్లగా మారే బూడిద మీద ఆకుపచ్చ, గులాబీ పట్టీలు తేలతాయి. ఆకుపచ్చ, గోధుమ రంగుల కెమోఫ్లాజ్‌లో ఇది కంటబడదు, లేత బూడిదలో వెంటనే కనబడుతుంది. కొత్త సిమ్యులేటర్లలో బీసీ7 అనే రకం వాడండి. 4096 టెక్స్చర్ కంప్రెషన్ లేకుండా 64 ఎంబీ, బీసీ7లో 16, డీఎక్స్‌టీ1లో 8. మిప్‌మ్యాప్‌లకు (దూరం నుంచి చూసేందుకు దాచే చిన్న కాపీలకు) మూడో వంతు కలుపుకోండి.

పిక్సెల్ లెక్క కూడా ముందే వేసుకోవాలి. 12 మీటర్ల బాడీ 4096 పిక్సెళ్లలో పరుచుకుంటే సెంటీమీటర్‌కు 3.4 పిక్సెళ్లు వస్తాయి. 5 మిల్లీమీటర్ల రివెట్ రెండు పిక్సెళ్లు కూడా రాదు, గీసినా దూరం నుంచి మట్టిలా కనిపిస్తుంది. 25 మిల్లీమీటర్ల హెచ్చరిక అక్షరం 8 పిక్సెళ్ల ఎత్తు, కష్టం మీద చదవగలం. రివెట్లను నార్మల్ మ్యాప్‌కు వదిలేసి, రంగు టెక్స్చర్‌లో ప్యానెల్ గీతలు, మరకలు, అక్షరాల మీద శ్రమ పెట్టడం లాభం. ఏదైనా గీయకముందు రెండు రెక్కల మీద వేర్వేరు అంకెలు రాసి ఒకసారి లోడ్ చేయండి. ఒక వైపు అంకె అద్దంలోలా తిరగబడితే ఆ మోడల్ రెండు పక్కలకూ ఒకే టెక్స్చర్ వాడుతోందని అర్థం. అప్పుడు నంబర్లు వేరే డెకాల్‌గా (పైన అతికించే బొమ్మగా) పెట్టే దారి ఉందో లేదో చూడాలి, లేకపోతే ఆ మోడల్ మీద నంబర్ల ఆశ వదులుకోవాలి.

ఫోటోల్లోని రంగును ఐడ్రాపర్‌తో తీసుకోవద్దు, ఎండ పసుపు అందులో కలిసిపోయి ఉంటుంది. ప్రదర్శనలో ఉన్న విమానాన్ని మబ్బు పట్టిన రోజున, పక్కన గ్రే కార్డ్ (రంగు సరిచూసే బూడిద అట్ట) పెట్టి తీస్తే నమ్మదగిన కొలత దొరుకుతుంది. తెలుగువాళ్లకు దగ్గర్లో విశాఖ ఆర్కే బీచ్‌లో 2017 డిసెంబరు నుంచి నౌకాదళపు టీయూ-142 మ్యూజియంగా ఉంది. రివెట్ వరసలు, రంగు పెచ్చులూడే తీరు, ఎగ్జాస్ట్ మసి గమనించడానికి అది పనికొస్తుంది. సముద్రపు గాలికి నిలబెట్టిన విమానం కాబట్టి రంగు వెలిసిన తీరును మాత్రం ఎగిరే విమానానికి ఆపాదించకండి.

## మరి ఎవరికి ఏది

ఇంతవరకు ఒక్క టెక్స్చర్ కూడా ముట్టుకోనివాళ్లు ఎక్స్-ప్లేన్‌లో మొదలుపెట్టండి. తప్పులు తక్కువ, ఫలితం వెంటనే. ఫైటర్ నడపడమే ఇష్టమై, దానికి మన స్క్వాడ్రన్ రంగులు కావాలంటే డీసీఎస్. మాడ్యూల్ కొనే ముందు దానికి పెయింట్ కిట్ ఉందో లేదో చూసుకోండి, ఆ ఒక్క ఫైల్ లేకపోతే ప్యానెల్ గీతలన్నీ మీరే కొత్తగా గీయాల్సి వస్తుంది.

మొత్తం విమానం కట్టాలని ఉంటే బ్లెండర్‌లో మోడల్ చేసి, మొదటి ఇల్లుగా ఎక్స్-ప్లేన్ లేదా ఫ్లైట్‌గేర్ ఎంచుకోవడం మంచిది. ఆకారం, టెక్స్చర్లు తరవాత ఎంఎస్ఎఫ్ఎస్‌కు తీసుకెళ్లవచ్చు. యానిమేషన్లు, కాక్‌పిట్ గేజ్‌లు, ఫ్లైట్ మోడల్ మాత్రం ఎక్కడికక్కడ మళ్లీ చేయాల్సిందే. కిరణ్ జెట్ ట్రైనర్ లాంటి సాదా విమానంతో మొదలుపెడితే పూర్తవుతుంది. సుఖోయ్-30తో మొదలుపెట్టినవి ఎక్కువగా కాక్‌పిట్ దగ్గరే ఆగిపోతాయి. రెండు సీట్లు, చాలా తెరలు, థ్రస్ట్ వెక్టరింగ్ (ఇంజన్ నాజిల్‌ను తిప్పడం), కానార్డ్‌లు (ముందుండే చిన్న రెక్కలు), ఇవన్నీ ఒక్కరి సాయంత్రాల్లో పట్టవు.

విడుదల చేసేముందు ఒక మాట. పెయింట్ కిట్ ఉచితంగా ఇచ్చారంటే రిపెయింట్‌ను అమ్ముకోవచ్చని కాదు. అసలు టెక్స్చర్లను మార్చకుండా మీ ప్యాకేజీలో పెట్టి పంచడానికీ చాలామంది ఒప్పుకోరు, మార్చినవి మాత్రమే పెట్టండి. కొన్న మోడల్‌ను కన్వర్టర్‌తో విప్పి ఇంకో సిమ్యులేటర్‌కు మార్చి పంచితే అది దొంగసొత్తే, ఉచితంగా ఇచ్చినా సరే. ఫ్లైట్‌గేర్ విమానాలు చాలావరకు జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్ కింద ఉంటాయి: మార్చవచ్చు, పంచవచ్చు, కానీ మీ మార్పులనూ అదే షరతు మీద, అసలు తయారీదారుల పేర్లతో సహా ఇవ్వాలి. ఉచిత మాడ్‌తో వచ్చే రీడ్‌మీని విడుదల రోజున కాదు, మొదటి గీత గీయకముందే చదవండి.